అమెరికాలో వచ్చిన కొత్త నొప్పి మాత్ర షుగర్ వాళ్ల అరికాళ్ల మంటకి పనిచేస్తుందా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇది. అమ్మగారికి 61 ఏళ్లు, షుగర్ వచ్చి 14 ఏళ్లు. ఏడాదిగా రాత్రిళ్లు అరికాళ్లు భగభగ మండుతున్నాయి, దుప్పటి అంచు తగిలినా ఉలిక్కిపడుతున్నారు. ఆరు నెలలుగా రోజూ ఎసిక్లోఫెనాక్–పారాసిటమాల్ మాత్ర వేస్తున్నా గుణం లేదు. మధ్యలో నరాల నొప్పి మందు ప్రీగాబలిన్ 75 మి.గ్రా. రాస్తే తల తిరుగుతోందని నాలుగో రోజే మానేశారు. బీపీకి టెల్మిసార్టాన్–హైడ్రోక్లోరోథయజైడ్ వాడుతున్నారు. అమెరికాలో ఉన్న మీ అన్నయ్య "అలవాటు పడని కొత్త నొప్పి మాత్ర వచ్చింది, పంపిస్తా" అంటున్నారు. తెప్పించుకోవచ్చా అని.

తెప్పించుకోకండి. ఆ మందు చెడ్డదని కాదు. దానికి అనుమతి దొరికింది అమ్మగారి లాంటి నొప్పికి కాదు, నెలల తరబడి వాడటానికి అసలే కాదు. పైగా మీరు రాసినదాన్నిబట్టి చూస్తే ఆవిడకి ఇప్పటిదాకా సరైన మందు, సరైన డోసులో, సరిపడా రోజులు పడనే లేదు. మీ ఊరి మందుల షాపులో దొరికే వాటితోనే చేయాల్సింది ఇంకా చాలా ఉంది.

రోజూ వేస్తున్న మాత్ర ఎందుకు పనిచేయలేదంటే

కాలు బెణికినా, ఆపరేషన్ కోత పడినా అక్కడ కణజాలం దెబ్బతిని ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు పుడతాయి. అవి నొప్పి నరాల కొసల్ని రెచ్చగొడతాయి. ఎసిక్లోఫెనాక్, డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ చేసేది వాటి తయారీని ఆపడం. అందుకే బెణుకు నొప్పి గంటలో తగ్గుతుంది. అమ్మగారి అరికాల్లో బెణుకూ లేదు, వాపూ లేదు. చెడింది నరమే. బోరు దాకా వెళ్లే వైరుకి మధ్యలో తొడుగు ఊడిపోతే మోటారు విప్పి తుడిచి ఏం లాభం?

షుగర్ ముందుగా పొడవైన నరాల్ని పట్టుకుంటుంది. నడుము దగ్గర వెన్నుపూసల పక్కనుండే నరకణం నుంచి బొటనవేలి కొస దాకా ఒకటే తీగ, దాదాపు మీటరు పొడవు. కొసకి కావలసిన సరుకంతా పైనున్న ఆ కణం నుంచే దిగాలి. అందుకే మంట వేళ్ల కొసల్లో మొదలై, పాదమంతా పాకి, మేజోడు తొడిగినట్టు పిక్కల మీదికి ఎక్కుతుంది. మోకాళ్ల దరిదాపులకి వచ్చేసరికి చేతివేళ్ల కొసల్లోనూ తిమ్మిరి మొదలవుతుంది. రెండు కాళ్లకీ దాదాపు సమానంగా, కింద నుంచి పైకి పాకడం దీని లక్షణం. ఈ వరస తప్పితే వేరే జబ్బుని అనుమానించాలి. ఆ సంగతి తర్వాత రాస్తాను.

దెబ్బతిన్న సన్న నరం ఎవరూ ముట్టుకోకుండానే కబుర్లు పంపుతూ ఉంటుంది. అవి నెలల తరబడి వచ్చిపడుతుంటే వెన్నుపాములో వాటిని అందుకునే కణాలు కూడా మారిపోతాయి, చిన్న కబురుని పెద్దది చేసి మెదడుకి పంపడం మొదలుపెడతాయి. దెబ్బ తర్వాత వెన్నుపామే ఇలా సున్నితంగా మారుతుందని 1983లో క్లిఫర్డ్ వుల్ఫ్ జంతువుల మీద చూపించాడు. దుప్పటి తగిలితే ఉలిక్కిపడటం వెనకున్నది అదే. మామూలు స్పర్శని మోసే నరాల కబురు నొప్పి దారిలోకి మళ్లుతోంది. "దుప్పటికే ఇంత గొడవా" అని ఇంట్లో ఎవరో ఒకరు అనే ఉంటారు. ఆవిడ ఓర్పు తక్కువై కాదని వాళ్లకి చెప్పండి.

ఇంకో సగం కథ మెదడు వైపు ఉంది. మెదడు కాండం నుంచి వెన్నుపాముకి కిందికి దిగే ఒక దారి నొప్పికి బ్రేకులా పనిచేస్తుంది. నార్‌అడ్రినలిన్, సెరటోనిన్ ఆ బ్రేకుకి నూనె లాంటివి. నిద్ర లేకపోతే, దిగులు పట్టుకుంటే బ్రేకు సడలుతుంది. నరాల మంటకి డిప్రెషన్ మందులు రాయడానికి కారణం ఇదే. షాపులో కుర్రాడు "ఇది మెంటల్ మందండీ" అంటాడు, ఇంటికొచ్చి స్ట్రిప్ పక్కన పడేస్తారు. మంచి మందు మూలన పడే దారుల్లో నేను తరచూ చూసేది ఇది.

ఎసిక్లోఫెనాక్ ఈ వారమే ఆపించండి

పనిచేయకపోవడం ఒక్కటే అయితే డబ్బు దండగ అనుకుని వదిలేయొచ్చు. ఇక్కడ కిడ్నీల సంగతి ఉంది. కిడ్నీలో రక్తం వడకట్టే ఉండకి రక్తం తెచ్చే గొట్టాన్ని తెరిచి ఉంచేవి ప్రోస్టాగ్లాండిన్లే. ఎసిక్లోఫెనాక్ వాటిని ఆపితే లోపలికొచ్చే దారి ఇరుకవుతుంది. టెల్మిసార్టాన్ బయటికిపోయే గొట్టాన్ని వదులు చేస్తుంది. హైడ్రోక్లోరోథయజైడ్ ఒంట్లో నీటిని తగ్గిస్తుంది. మూడు వైపుల నుంచీ వడపోత ఒత్తిడి పడిపోతుంది. మామూలు రోజుల్లో నెట్టుకొస్తారు. మే నెల ఎండలో రెండు రోజులు విరేచనాలు పట్టుకుంటే చాలు, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ ఒక్కసారిగా పైకి లేస్తుంది. అమ్మగారు వేసుకుంటున్నవి అచ్చంగా ఈ మూడే. బీపీ మాత్ర మాత్రం సొంతంగా ఆపకండి, అది కిడ్నీకి మేలు చేసేదే. ఆపాల్సింది నొప్పి మాత్ర. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు వాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఇంకా గట్టిగా చెబుతాను: షుగర్ లేకపోయినా సరే, ఒళ్లు నొప్పులకి ఈ జాతి మాత్రలు రోజూ మింగే అలవాటు వద్దు.

ఇక ఆ కొత్త మాత్ర సంగతి

దాని పేరు సుజెట్రిజిన్, జర్నావిక్స్ అనే పేరుతో అమ్ముతున్నారు, తయారీ వెర్టెక్స్ కంపెనీ. 2025 జనవరి 30న అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతించింది. పెద్దవాళ్లలో ఓ మోస్తరు నుంచి తీవ్రమైన తాత్కాలిక నొప్పికి మాత్రమే, అంటే ఆపరేషన్ తర్వాతో, దెబ్బ తగిలాకో వచ్చేదానికి. ఖాళీ కడుపుతో మొదటి డోసు 100 మి.గ్రా., తర్వాత 12 గంటలకోసారి 50 మి.గ్రా. ఈ నొప్పికి 14 రోజులు దాటి వాడి చూడలేదని మందు కాగితంలోనే రాసి ఉంటుంది. 50 మి.గ్రా. మాత్ర ధర 15.50 డాలర్లని ప్రకటించారు, అంటే రోజుకి 31 డాలర్లు.

మందు వెనకున్న ఆలోచన మాత్రం నిజంగా గొప్పది, అందుకే కాస్త వివరంగా రాస్తాను. నరంలో కబురు నడిచేది సోడియం దారుల వల్ల. నరం పొరలో ఉండే ఈ చిన్న తలుపులు తెరుచుకుంటే సోడియం లోపలికి దూకుతుంది, కరెంటు ముందుకి సాగుతుంది. ఇవి 9 రకాలు. పన్ను పీకేటప్పుడు ఇచ్చే లిడోకైన్ ఇంజెక్షన్ దొరికిన రకాన్నల్లా మూస్తుంది. చిగుళ్లకి పరిమితం కాబట్టి సరిపోయింది. అదే పని ఒళ్లంతా చేస్తే గుండె, మెదడు కూడా ఆగిపోతాయి, వాటికీ ఈ తలుపులే కావాలి. నొప్పి నరాల్లోనే ఎక్కువగా ఉండే రకం దొరికితే దాన్నొక్కదాన్నే మూసేయొచ్చు కదా అని వెతికారు.

2006లో పాకిస్తాన్ ఉత్తర ప్రాంతపు బంధు కుటుంబాల్లో పుట్టుకతోనే నొప్పి తెలియని పిల్లల గురించి ఒక పరిశోధన వచ్చింది. అందరికంటే ముందు కంటపడినవాడు వీధిలో విద్యలు చూపించే పదేళ్ల కుర్రాడు. చేతుల్లోంచి కత్తులు దూర్చుకునేవాడు, నిప్పుల మీద నడిచేవాడు. 14 నిండకముందే ఇంటి కప్పు మీంచి దూకి చనిపోయాడు. ఆ కుటుంబాల్లో చెడింది ఎన్‌ఏవీ 1.7 అనే సోడియం తలుపుకి సంబంధించిన జన్యువు. కంపెనీలన్నీ దాని మీద పడ్డాయి, ఏళ్ల తరబడి తయారు చేసిన మందులు మనుషుల్లో నిలబడలేదు. పక్కనే ఉన్న ఎన్‌ఏవీ 1.8 మీద పనిచేసిన మందే సుజెట్రిజిన్. ఆ తలుపు దాదాపుగా వెన్నుపాము బయటి నొప్పి నరాల్లోనే ఉంటుంది. మందు పనిచేసేది అక్కడే కాబట్టి మార్ఫిన్ జాతి మందుల్లా మత్తు, అలవాటు పడటం ఉండవని అంచనా.

ఎంత పనిచేసిందంటే, పొట్ట ఆపరేషన్, కాలి బొటనవేలి ఎముక ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో మందు లేని ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగు. మార్ఫిన్ జాతి మందు కలిసిన హైడ్రోకోడోన్–పారాసిటమాల్ కంటే మెరుగని మాత్రం తేలలేదు. పత్రికల్లో వచ్చిన సందడికీ దీనికీ కాస్త దూరం ఉంది.

షుగర్ నరాల నొప్పి మీద రెండో దశ పరిశోధన ఫలితాలు 2023 డిసెంబరులో వచ్చాయి. 0 నుంచి 10 కొలతలో నొప్పి సుమారు 2 పాయింట్లు తగ్గింది. పోల్చడానికి పెట్టిన ప్రీగాబలిన్ గుంపులోనూ తగ్గింది సుమారు 2 పాయింట్లే. ఉత్తుత్తి మాత్ర గుంపు అసలు లేదు. ఏడాది తర్వాత నడుము నుంచి కాల్లోకి లాగే సయాటికా నొప్పి మీద చూసినప్పుడు ఆ గుంపుని పెట్టారు. మందు వేసుకున్నవాళ్లకి 2.02 పాయింట్లు తగ్గితే, ఉత్తుత్తి మాత్రకి 1.98 తగ్గింది. షుగర్ నొప్పి మీద మూడో దశ మొదలుపెట్టారు. దాని ఫలితం చూసి అనుమతి ఇచ్చేదాకా అమ్మగారి విషయంలో ఈ మందు ప్రస్తావనే అనవసరం.

ఇంకో చిక్కు. తామరకి మన దగ్గర విచ్చలవిడిగా వాడే ఇట్రాకొనజోల్‌తో ఈ మాత్ర అస్సలు కలవకూడదు, క్లారిత్రోమైసిన్‌తోనూ అంతే. సుజెట్రిజిన్‌ని కరిగించే కాలేయపు ఎంజైమ్‌ని అవి ఆపేస్తాయి, ఒంట్లో మందు పేరుకుపోతుంది. ఈ మందే తెలియని ఊళ్లో ఆ జోడీని పట్టుకుని ఆపేవాళ్లు ఎవరుంటారు?

అమ్మగారికి పనికొచ్చేవి

ముందు అంచనా సరిగ్గా పెట్టుకోవాలి. నరాల నొప్పి మందుల మీద వచ్చిన పరిశోధనలన్నీ కలిపి 2015లో లెక్కగట్టారు. ఉత్తుత్తి మాత్రతో వచ్చేదానికి మించి ఒక్కరికి నొప్పి సగానికి తగ్గాలంటే ఎంతమందికి మందు ఇవ్వాలి అన్నది కొలత. ఇందాక చెప్పిన డిప్రెషన్ మందుల్లో అమిట్రిప్టిలిన్ జాతికి 3.6, డులోక్సెటిన్ జాతికి 6.4; ప్రీగాబలిన్‌కి 7.7. అంటే ఏదీ అందరికీ పనిచేయదు. ఒకటి పడకపోతే రెండోది, రెండోది చాలకపోతే రెండూ కలిపి, ఇలాగే సాగుతుంది. "సున్నాకి తెస్తాం" అని ఎవరైనా అంటే నమ్మకండి. 7 నుంచి 3కి వచ్చి, రాత్రి నిద్ర పడితే అది మంచి ఫలితం.

మూడింట్లో ఏది ముందు? బ్రిటన్‌లో 13 కేంద్రాల్లో 130 మంది మీద చేసి 2022లో ప్రచురించిన పరిశోధన దీనికి జవాబిచ్చింది. అమిట్రిప్టిలిన్‌తో మొదలుపెట్టినా, డులోక్సెటిన్‌తో మొదలుపెట్టినా, ప్రీగాబలిన్‌తో మొదలుపెట్టినా 6 వారాల తర్వాత చాలనివాళ్లకి రెండో మందు కలిపారు. 16 వారాలకి మూడు దారుల్లోనూ నొప్పి 6.6 నుంచి 3.3 దగ్గరికి దిగింది. తేడా ఉన్నదల్లా సైడ్ ఎఫెక్టుల్లో: ప్రీగాబలిన్‌కి తల తిరగడం, డులోక్సెటిన్‌కి వికారం, అమిట్రిప్టిలిన్‌కి నోరెండటం. కాబట్టి ఎన్నుకోవాల్సింది బలాన్ని చూసి కాదు, మనిషి ఒంటిని చూసి.

డులోక్సెటిన్. కిడ్నీ, కాలేయం బాగుంటే అమ్మగారి వయసుకి నేను ముందు ఆలోచించేది ఇదే. పొద్దున్న టిఫిన్ తిన్నాక 20 లేదా 30 మి.గ్రా., రెండు వారాలయ్యాక 60. అంతకు మించి పెంచితే వికారం పెరుగుతుంది తప్ప నొప్పి పెద్దగా తగ్గదు. మొదటి వారం కడుపులో తిప్పడం మామూలే, తిన్న వెంటనే వేస్తే తగ్గుతుంది. క్యాప్సూల్ విప్పి నీళ్లలో కలపకూడదు, లోపలి గుళికలకి ఆమ్లం తగలకుండా పూత ఉంటుంది. ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ వడపోత ఎంతుందో చెప్పే అంకె) 30 కంటే తక్కువున్నా, కాలేయ జబ్బున్నా వద్దు. కంట్లో ఒత్తిడి ఉంటే కంటి డాక్టరుని అడగాలి. బీపీ కొద్దిగా పెరగొచ్చు, చూస్తూ ఉండాలి. ట్రమడాల్ అనే నొప్పి మందుతో కలిపి ఎవరైనా రాస్తే ఒకసారి గట్టిగా అడగండి, రెండూ సెరటోనిన్‌ని పెంచేవే. మానాలనుకుంటే మెల్లగా దించుకుంటూ రావాలి, ఒక్కసారిగా ఆపితే తలలో కరెంటు కొట్టినట్టు ఉంటుంది.

అమిట్రిప్టిలిన్. అన్నిట్లో చవక. 10 మి.గ్రా. పడుకునే వేళకి కాకుండా రెండు గంటల ముందు, రాత్రి 8కి వేయాలి. లేకపోతే పొద్దున 10 దాకా మగతగా ఉంటుంది. వారానికి 10 చొప్పున పెంచుతూ 30–50 దాకా. నోరెండుతుంది, మలబద్ధకం వస్తుంది, లేచి నిలబడితే కళ్లు తిరగొచ్చు. 60 దాటినవాళ్లకి ఈసీజీ తీయకుండా మొదలుపెట్టకూడదు, గుండెపోటు వచ్చినవాళ్లకీ ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్న మగవాళ్లకీ వేరే మందే మేలు. నార్ట్రిప్టిలిన్ దీని చెల్లెలు లాంటిది, మగత కాస్త తక్కువ.

ప్రీగాబలిన్. అమ్మగారికి ఇది పనిచేయలేదని చెప్పలేం, ఎందుకంటే పనిచేసే అవకాశమే ఇవ్వలేదు. 61 ఏళ్ల మనిషికి మొదటి రోజే 75 అంటే తల తిరగడంలో వింత లేదు. రాత్రికి 25 గానీ 50 గానీ ఇచ్చి, వారం తర్వాత పొద్దున కూడా అంతే చేర్చి, అలా వారానికో మెట్టు ఎక్కించాలి. తల తిరగడం చాలామందికి వారం పది రోజుల్లో సర్దుకుంటుంది. రోజు మొత్తానికి 150 దాటకుండా "పనిచేయలేదు" అనే తీర్పు ఇవ్వకూడదు. ఎక్కువమందికి 150–300 మధ్య తేలుతుంది. ఇది ఒంట్లోంచి పోయేది కిడ్నీ ద్వారానే, క్రియాటినిన్ క్లియరెన్స్ (ఇదీ కిడ్నీ వడపోత కొలతే) 60 కంటే తక్కువుంటే డోసు సగం చేయాలి. చీలమండలు వాస్తాయి, బరువు పెరుగుతారు. షుగర్ మందుల్లో పయోగ్లిటజోన్ ఉంటే వాపు రెట్టింపవుతుంది. మొదటి రెండు వారాలు రాత్రి బాత్రూం దారిలో లైటు వెలిగించి ఉంచండి. తుంటి విరిగితే నరాల నొప్పి సంగతి మర్చిపోవాల్సిందే.

ఇక్కడ మన దేశపు ప్రత్యేక తలనొప్పి ఒకటుంది: కలిపిన మాత్రలు. ప్రీగాబలిన్ 75తో మిథైల్‌కోబాలమిన్ (ఒక రకం బి12) 1500 మైక్రోగ్రాములు, లేదా ప్రీగాబలిన్ 75తో నార్ట్రిప్టిలిన్ 10. ఒక్క మాత్రతో పోతుందని రాసేస్తారు. తల తిరిగితే ఏ మందు వల్లో తెలియదు, ఒకదాన్ని పెంచి రెండోదాన్ని ఉన్నచోట ఉంచడం కుదరదు. మొదటి రెండు నెలలు విడి మందే రాయమని అడగండి. డోసు కుదిరాక అదే కొలతల్లో కలిపింది దొరికితే అప్పుడు మారొచ్చు.

ఏ మందైనా చూడాల్సింది ఇలా. చిన్న నోటుపుస్తకంలో రోజూ పొద్దున రెండు అంకెలు రాయండి: నిన్న రాత్రి మంట 10కి ఎంత, ఎన్ని గంటలు నిద్రపట్టింది. తగిన డోసుకి చేరాక 4 వారాలు ఆగి, మొదటి వారం సగటుతో పోల్చండి. మూడో వంతు తగ్గితే పనిచేస్తున్నట్టే, అసలు కదలకపోతే మార్చాలి. జ్ఞాపకం మీద ఆధారపడితే నిన్నటి చెడ్డ రాత్రే నెలంతటికీ లెక్కయిపోతుంది. డాక్టరు ముందు కూర్చున్న 5 నిమిషాల్లో ఆ పుస్తకం చేసే పని మీరు నోటితో చేయలేరు.

పైపూతలు, మిరపకాయ సంగతి

మాత్రలు పడని పెద్దవాళ్లకి ఇవి నిజంగా అక్కరకొస్తాయి. మిరపకాయలోని క్యాప్సైసిన్ నొప్పి నరాల కొసల్లో ఏ తలుపు తడుతుందో 1997లో డేవిడ్ జూలియస్ బృందం పట్టుకుంది. దాని పేరు టీఆర్‌పీవీ1. సుమారు 43 డిగ్రీల వేడికి తెరుచుకునేదీ అదే తలుపు. గుంటూరు మిర్చి యార్డులో బస్తాలు మోసేవాళ్ల చేతులు నిప్పు లేకుండానే కాలినట్టు ఉండటం దానివల్లే. 2021లో ఆయనకీ, స్పర్శని పసిగట్టే తలుపుల్ని కనిపెట్టిన ఆర్డెమ్ పటపూటియన్‌కీ కలిపి నోబెల్ ఇచ్చారు. ఆ తలుపుని మళ్లీ మళ్లీ తడితే చివరికి నరం కొస అలిసి మాట్లాడటం మానేస్తుంది. క్యాప్సైసిన్ క్రీం చేసేది ఇదే.

0.075 శాతం క్రీం రోజుకి 3–4 సార్లు, పల్చగా. మొదటి వారం పది రోజులు మంట పెరుగుతుంది. అక్కడే చాలామంది వదిలేస్తారు. రోజుకోసారి, గుర్తొచ్చినప్పుడు రాస్తే పెరిగిన మంటే మిగులుతుంది, గుణం రాదు. రాశాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి, కంట్లో పడితే చెప్పక్కర్లేదు. పగుళ్లున్న మడమ మీద, పుండు మీద రాయకూడదు. ఇది చదివి ఇంట్లో కారం నూరి రాసేవాళ్లుంటారని భయంతో చెబుతున్నాను: స్పర్శ తెలియని పాదం మీద అది బొబ్బలెక్కి పుండవుతుంది, వద్దు. లిడోకైన్ 5 శాతం ప్యాచ్ ఇంకో దారి. 12 గంటలు అంటించి 12 గంటలు తీసేయాలి, అదీ తెగని చర్మం మీదే.

ట్రమడాల్, టపెంటడాల్ ఇప్పుడే వద్దు. ఇవి మార్ఫిన్ వైపు మందులు, ట్రమడాల్ 2018 నుంచి మన దేశంలో మత్తుమందుల చట్టం కిందికి వచ్చింది. అలవాటు సంగతి అటుంచి, నెలల తరబడి సాగే నరాల మంటకి వీటితో దక్కేది తక్కువ, మలబద్ధకం, మగత ఎక్కువ. వెన్నుపాము దగ్గర చిన్న కరెంటు పరికరం పెట్టే పద్ధతి కూడా ఉంది, 2021లో అమెరికాలో షుగర్ నరాల నొప్పికి అనుమతించారు. మందులన్నీ విఫలమయ్యాక ఆలోచించాల్సిన ఖరీదైన దారి అది.

మందు మొదలుపెట్టే ముందు చేయించాల్సినవి

క్రియాటినిన్–ఈజీఎఫ్ఆర్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), బి12, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), ఈసీజీ. బి12ని మర్చిపోవద్దు. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వేసేవాళ్లలో అది పడిపోతుంది, ఆ లోపం తెచ్చే తిమ్మిరి అచ్చం షుగర్ తిమ్మిరిలాగే ఉంటుంది. తక్కువుంటే ఇంజెక్షన్లతో నింపితే కొంతైనా తిరిగి వస్తుంది. బాగానే ఉంటే అదనంగా మింగే బి12 మంటని తగ్గించదు. "నరాల బలానికి" అమ్మే మాత్రల్లో బి6 ఎంతుందో స్ట్రిప్ వెనక చూడండి. పెద్ద మోతాదులో నెలల తరబడి వాడితే బి6 కూడా నరాల్ని పాడుచేస్తుంది. రెండు మూడు రకాలు ఒకేసారి వేసేవాళ్లకి ఈ ముప్పు తెలియదు.

నరాల కరెంటు పరీక్ష, అదే ఎన్‌సీఎస్, చేయించి "నార్మల్ వచ్చింది, మరి మంట ఎలా" అని తికమకపడకండి. ఆ పరీక్ష చూసేది లావు నరాల్ని మాత్రమే. మంట మోసేవి సన్న నరాలు, అవి అందులో కనపడవు.

హెచ్‌బీఏ1సీ 12 ఉన్న మనిషికి ఇన్సులిన్ పెట్టి మూడు నెలల్లో 7కి దించితే, కొందరిలో ఆ హడావుడికే మంట ఎగసిపడుతుంది. మూడు నెలల్లో 2 పాయింట్లు దాటి పడితే ఇది వచ్చే అవకాశం ఉంది. మంట మొదలైన రోజుల్లో అమ్మగారి రిపోర్టులు ఒకసారి తిరగేయండి. అలా జరిగి ఉంటే ఇన్సులిన్‌ని తిట్టుకుని మానేయడం పరిష్కారం కాదు, నెలల మీద చాలావరకు అదే తగ్గుతుంది.

ఇందాక వాయిదా వేసిన సంగతి. ఒక్క కాలికే మంట ఉంటే, కాళ్లకంటే ముందు చేతులు మొదలైతే, వారాల్లోనే కాలు ఈడ్చేంత నీరసం వస్తే, నడిస్తే పిక్క పట్టేసి ఆగితే వదిలేస్తే, నడుం నొప్పితో పాటు మూత్రం ఆగితే అది షుగర్ నరాల జబ్బు ఒక్కటే కాదు. చివరిదానికి ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. ఒంటి మీద స్పర్శ తెలియని పాలిపోయిన మచ్చ ఉంటే కుష్ఠు చూడాలి. టీబీ మందులు వాడుతుంటే ఐసోనియాజిడ్ వల్ల కావచ్చు, దానికి బి6 ఇవ్వాలి.

పాదం సంగతి, మంట కంటే ముఖ్యం

ఇంట్లో రెండు నిమిషాల పరీక్ష ఉంది. అమ్మగారిని పడుకోబెట్టి కళ్లు మూసుకోమనండి. మీ చూపుడువేలి కొసతో ఆవిడ బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు కొసల్ని ఒక్కొక్కటిగా, సెకను రెండు సెకన్లు ఊరికే తాకండి. నొక్కకూడదు, గోకకూడదు, తట్టకూడదు. తెలిసినప్పుడల్లా కుడో ఎడమో చెప్పాలి. రెండు పాదాలకీ కలిపి ఆరు తాకుళ్లలో రెండు గానీ అంతకన్నా ఎక్కువ గానీ తెలియకపోతే పాదం ప్రమాదంలో ఉన్నట్టు. మండే పాదానికి స్పర్శ తెలియకపోవడం ఏమిటని ఆశ్చర్యపోతారు. రెండూ ఒకే కాల్లో ఉంటాయి. మోసే నరం చచ్చుబడుతూనే అరుస్తోంది.

అలాంటి పాదాన్ని మంట చల్లారుతుందని ఐసు నీళ్లలో పెట్టకూడదు, వేడినీళ్ల కాపడం పెట్టకూడదు. నీళ్ల వేడి మోచేత్తో చూడాలి, కాలితో కాదు. వేసవి మధ్యాహ్నం గుడి ప్రాంగణంలో చెప్పులు విడిచి ప్రదక్షిణ చేస్తే అరికాలు బొబ్బలెక్కినా ఇంటికొచ్చేదాకా తెలియదు. తెల్లవారుజామునే వెళ్లమనండి. రోజూ రాత్రి వేళ్ల సందులు, మడమ, అరికాలు టార్చి వేసి చూడండి. ఆనెల్ని బ్లేడుతో ఇంట్లో కోయనివ్వకండి.

ఇంకొక్క మాట, మీరు అడగలేదు గానీ రెండేళ్ల తర్వాత అడిగే అవకాశం ఉంది. మందులేవీ మార్చకుండానే ఒకరోజు ఆవిడ "మంటలు వాటంతటవే పోయాయి" అనొచ్చు. అప్పుడు మందు మానే ముందు పైన చెప్పిన ఆరు తాకుళ్ల పరీక్ష మళ్లీ చేయండి. గతంలో తెలిసిన వేళ్లు ఇప్పుడు తెలియకపోతే మంట పోవడానికి కారణం నరం బాగుపడటం కాదు, అది పూర్తిగా మూగబోవడం. ఆ రోజు నుంచి పాదాన్ని చూసే డాక్టరు దగ్గరికి మూడు నెలలకోసారి తీసుకెళ్లాలి.